కాగితంలో తాతమ్మ పేరు లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మా నాన్నగారు చిన్నప్పుడు వాళ్ల నానమ్మ ఒళ్లోనే పెరిగారు. తాతమ్మ తన కాసులపేరు అమ్మి ఈ ఇల్లు కొన్నదని మాకు చెబుతుండేవారు. నేను వంశవృక్షం రాస్తున్నానని తెలిసి బాబాయి 1934 నాటి దస్తావేజు తెచ్చారు. అందులో ముత్తాత పేరే ఉంది. "ఆ కథంతా అబద్ధం" అన్నారు. అప్పట్నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. వంశవృక్షం ఆపేయనా?

జవాబు: ఆపకండమ్మా. దస్తావేజు కొన్నదెవరో చెబుతుంది. ఆ డబ్బు ఏ మెడలోంచి వచ్చిందో చెప్పదు. ఆ రోజుల్లో భార్య బంగారం అమ్మి భర్త పేరున కొనడం మామూలే. కాబట్టి ఆ కాగితంతో బాబాయి మాట నిజమైపోదు. అలాగని కథ రుజువైందనీ అనలేం.

ఆడవాళ్ల పేర్లు కాగితాలకు ఎక్కడమే తక్కువ. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, కూతురిననో రాయించుకున్నందుకు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే అనుకోండి.

మహాలయ పక్షాల్లో పేర్లు చెప్పి తర్పణాలు వదిలే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే నాన్నగారిని అడగండి. తల్లి, నానమ్మ, ఆవిడ అత్తగారు, ముగ్గురి పేర్లూ ఆయన నోట వస్తాయి. ఏ ఆఫీసులోనూ దొరకని పేర్లవి.

కాసులపేరు సంగతి తెలియాలంటే తాతమ్మ పుట్టింటివాళ్లను వెతకండి. పెట్టిన బంగారం ఏమైందో పెట్టినవాళ్లు అంత తొందరగా మరిచిపోరు. వాళ్లది టెక్కలి వైపైతే, ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో టెక్కలీ, బరంపురమూ రెండూ గంజాం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టిల్లు ఒక రాష్ట్రం అయ్యాయి. రాకపోకలు తగ్గిన చుట్టరికాలు ఇలాంటివి చాలానే ఉంటాయి.

ఆ దస్తావేజును బాబాయి తనే చదివారా? అక్షరాలు కలిపేసి రాసే పాతకాలపు గొలుసుకట్టు రాత అయితే, ఒడియా మీడియంలో చదివినవాళ్లకే కాదు, తెలుగు బాగా వచ్చినవాళ్లకూ తడబాటే. ముసలి దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే పూర్తిగా చదివించండి. సొమ్ము ఎలా ముట్టిందో, సాక్షి సంతకాలు ఎవరివో చూడండి. సాక్షుల్లో తాతమ్మ అన్నదమ్ములు ఉన్నారేమో! సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు బాబాయినే వెంట తీసుకెళ్లండి. కాగితాల మీద ఆయనకున్న పట్టుదల మీకు పనికొస్తుంది.

నాన్నగారి బాధ వేరు. ఇంటి గురించి కాదు, తనను పెంచినావిడ అబద్ధాలకోరు అయిందని. ఆయన్ను "నిజమేనా" అని అడగొద్దు. ఆ కథ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడిగి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వంశవృక్షంలో తాతమ్మ పేరు కింద "నాన్న చెప్పింది" అని ఒకటి, "దస్తావేజులో ఉన్నది" అని ఒకటి విడివిడిగా రాయండి.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. ఆ ఇంటి పంపకాల మాట ఏమైనా నడుస్తోందా? ఎన్నడూ లేనిది బాబాయి ఇప్పుడే ఆ కాగితం బయటికి తీశారంటే నాకు ఆ అనుమానం వస్తోంది. అదే అయితే వాటాల సంగతి లాయరు దగ్గర విడిగా తేల్చుకోమనండి. కాసులపేరు కథ నిజమైనా కాకపోయినా, ఈనాటి వాటాలు దానిమీద తేలవు.