గేట్‌వేలో దారి తప్పిన అభ్యర్థన

ప్రశ్న: మా ఆర్డర్ల ఏపీఐని (ఇతర ప్రోగ్రాములు మా సర్వర్‌ను పిలిచే మార్గం) కాంగ్ గేట్‌వేలో, అంటే బయటి అభ్యర్థనలను అందుకుని వెనుకనున్న సర్వర్లకు పంపే సాఫ్ట్‌వేర్‌లో చేర్చి, ‘/ఆర్డర్స్’ అనే పాత్‌తో రూట్ ఇచ్చాను. సర్వర్‌ను నేరుగా పిలిస్తే జవాబు వస్తోంది కానీ, గేట్‌వే ద్వారా పిలిస్తే 404 (‘అడిగినది దొరకలేదు’ అనే లోపం) వస్తోంది. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు: ముందుగా ఆ 404 ఎవరు పంపారో చూడండి. ఏ రూటూ సరిపోలలేదన్న సందేశం ఉంటే అది కాంగ్ పంపినదే. అప్పుడు రూట్‌లోని పాత్, హోస్ట్ (డొమైన్ పేరు), మెథడ్ (గెట్, పోస్ట్ వంటి అభ్యర్థన రకం) సరిచూసుకోవాలి. సందేశం మీ సర్వర్‌దైతే, నా అనుమానమంతా స్ట్రిప్ పాత్ అనే సెట్టింగ్ మీదే. కాంగ్‌లో సర్వీస్ అంటే వెనుకనున్న సర్వర్ చిరునామా, రూట్ అంటే బయటివారు వచ్చే దారి. మనం మార్చనంతవరకు స్ట్రిప్ పాత్ ‘ట్రూ’గానే ఉంటుంది కనుక, కాంగ్ రూట్‌తో సరిపోలిన భాగాన్ని తీసివేసి, ‘/ఆర్డర్స్/25’ అన్న అభ్యర్థనను కేవలం ‘/25’గా మీ సర్వర్‌కు పంపుతుంది. దానిని ‘ఫాల్స్’ చేయండి, లేదా సర్వీస్ యూఆర్‌ఎల్ చివర ‘/ఆర్డర్స్’ చేర్చండి. రెండూ చేస్తే ఆ పదం రెండుసార్లు పడి మళ్లీ 404 తప్పదు. ముందుముందు వెర్షన్ మార్చే ఆలోచన ఉంటే రెండో పద్ధతే మేలు, ఎందుకంటే బయటివారి పాత్‌ను కదపకుండానే లోపలి చిరునామాను మార్చుకోవచ్చు.

అన్నట్టు, కాంగ్ డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) నడుస్తుంటే సర్వీస్ చిరునామాగా లోకల్‌హోస్ట్ అని రాయకండి. అది ఆ కంటైనర్‌నే సూచిస్తుంది. అయితే అప్పుడు సాధారణంగా కనిపించేది 404 కాదు, 502 (వెనుకనున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న లోపం).