టీవీ చర్చకు పిలుపొస్తే...

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. సాయంత్రం చర్చకు రమ్మని మధ్యాహ్నం ఛానల్ నుంచి ఫోన్ వస్తుంటుంది. ఏమేం చూసుకుని ఒప్పుకోవాలి?
– అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: ముందు మీ ఉద్యోగ నిబంధనలు చూసుకోండి. ప్రభుత్వ కాలేజీ అయితే 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం దాని ప్రకారం కుదరదు. యూనివర్సిటీ అధ్యాపకులకు ఎవరి చట్టం, ఎవరి ఆర్డినెన్సులు (యూనివర్సిటీ సొంత నియమాలు) వాళ్లవి. పక్క యూనివర్సిటీలో ఫలానా ప్రొఫెసర్ రోజూ మాట్లాడుతున్నారు కదా అనేది మీకు రక్షణ కాదు. అనుమానం ఉంటే అనుమతి కాగితం మీదే తీసుకోండి, నోటిమాట రేపు ఎవరికీ గుర్తుండదు.

ఫోన్ చేసి పిలిచే గెస్ట్ కోఆర్డినేటర్‌ను అడగాల్సినవి: లైవా, రికార్డింగా? మిగతా వాళ్లెవరు? తెర మీద వేసే శీర్షిక ఏమిటి? చివరిది చాలామంది అడగరు. ‘కొత్త పథకంతో ఖజానా ఖాళీ!’ అని కింద అక్షరాలు పరుగెడుతుంటే పైన మీరెంత ఆచితూచి మాట్లాడినా చూసేవాళ్లకు ఆ శీర్షిక మీ మాటగానే కనిపిస్తుంది. పేరు, హోదా వాట్సాప్‌లో రాసి పంపండి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ‘ప్రొఫెసర్’ అని వేసేయడం ఛానళ్లకు మామూలే. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మాటలు పడేది మీరు.

నలుగురైదుగురు కూర్చునే చర్చలో మీ వంతుకు వచ్చేది ఒక్కోసారి 40, 50 సెకన్లు. అంటే ఏడెనిమిది వాక్యాలు. క్లాసులోలా నేపథ్యంతో మొదలుపెడితే అసలు సంగతికి వచ్చేలోపే ‘బ్రేక్ తర్వాత’ అంటారు. మొదటి వాక్యంలోనే జవాబు, తర్వాత ఒక్క అంకె, ఆపైన కారణం. ‘ప్రభుత్వం ఫెయిలైందా లేదా, ఒక్క మాటలో చెప్పండి’ అన్నప్పుడు ఒక్క మాట ఇవ్వకండి. ‘మంజూరు సంగతి వేరు, చెల్లింపు సంగతి వేరు’ అని ప్రశ్ననే విడగొట్టండి. మీరు చదవని విషయమైతే రాలేనని చెప్పేయండి. పొద్దున నదీజలాలు, సాయంత్రం విదేశాంగ విధానం మాట్లాడే ‘విశ్లేషకుల’ కొరత మనకేం లేదు.

ప్రశ్న: ఎన్నికల సర్వేల్లో ఓట్ల శాతం దగ్గరగానే చెప్పిన మేధావులు సీట్ల దగ్గరికొచ్చేసరికి బోల్తా పడతారెందుకు?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: ఓట్లు సీట్లుగా మారే తీరు సూటిగా ఉండదు. మీ రాష్ట్రమే చూడండి. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్లు దాదాపు సమానమే, సీట్లు సగానికి సగం తేడా. అవతలి ఓటు చీలిందా, కూటమిగా ఒక్కచోట పడిందా అన్నదే ఇక్కడ కీలకం. 2019లో విడివిడిగా నిలబడ్డ తెలుగుదేశం, జనసేన, బీజేపీ 2024లో కలిసి పోటీ చేశాయి.

శాంపిల్ (సర్వేకు ఎంచుకున్న మనుషులు) సంగతి ఇంకొకటి. 1,000 మందిని ఏ పక్షపాతం లేకుండా ఎంచుకున్నా ఒక పార్టీ ఓటు అంచనాలో పొరపాటు అటూఇటూ 3 శాతం దాకా ఉండొచ్చు. రెండు పార్టీల మధ్య తేడా మీదైతే అది 5 దాటుతుంది. 2023 తెలంగాణలో కాంగ్రెస్ 39.40, బీఆర్ఎస్ 37.35, మధ్యన ఉన్నది రెండు శాతమే. సీట్లేమో 64, 39. వెయ్యి మంది సర్వేతో ఆ రెండు శాతాన్ని పట్టుకోవడం కుదరని పని. పట్టుకున్నారంటే అదృష్టం.

ఇక ‘ఆదివాసీలు ఇటు మొగ్గారు’ లాంటి మాటలు. తెలంగాణ ప్రభుత్వం 2024లో చేయించిన కుల సర్వేలో ఎస్టీలు 10.45 శాతం. వెయ్యి మంది శాంపిల్‌లో వాళ్లు వంద మందికి కాస్త ఎక్కువ. అక్కడ పొరపాటు అటూఇటూ 10 దాకా పోతుంది. ఆ వాక్యం చెప్పేవారిని ‘అందులో ఎంతమందిని అడిగారు?’ అని నిలదీయండి.

ప్రశ్న: చర్చ మధ్యలో యాంకర్ ఏదో లెక్క చూపించి స్పందించమంటే?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ‘దేనిలో ఎంత శాతం?’ అని అడగండి. అదే కుల సర్వేలో బీసీలు 46.25 శాతం అన్నా నిజమే, 56.33 అన్నా నిజమే. రెండోదాంట్లో 10.08 శాతం ముస్లిం బీసీలు కలిసి ఉన్నారు. ఒకరు ఇది, మరొకరు అది పట్టుకుని గంటసేపు వాదించుకోగలరు.

కొత్త లెక్క అయితే అప్పటికప్పుడు వ్యాఖ్యానించొద్దు. 2025 ఆగస్టులో ఏమైందో చూశాం. ఎన్నికల అధ్యయనంలో దశాబ్దాల అనుభవమున్న ఢిల్లీ పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్‌కు చెందిన సంజయ్ కుమార్, మహారాష్ట్రలో రెండు నియోజకవర్గాల ఓటర్ల సంఖ్య 2024 లోక్‌సభ ఎన్నికల నుంచి అసెంబ్లీ ఎన్నికల దాకా ఆరు నెలల్లో మూడో వంతుకు పైగా పడిపోయిందని ఎక్స్‌లో పెట్టారు. తమ బృందం పట్టికలో వరుస తప్పు చదివిందని రెండు రోజులకే తీసేసి క్షమాపణ చెప్పారు. అయినా కేసులు పడ్డాయి, సుప్రీంకోర్టు స్టే ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద మార్పు కనబడితే ముందు అనుమానించాల్సింది పట్టికనే. రెండు ఎన్నికల్లోనూ నియోజకవర్గం పేరు, నంబరు, మొత్తం ఓటర్ల గడి వేలు పెట్టి సరిచూడాలి. లోక్‌సభ స్థానం, అసెంబ్లీ స్థానం ఒకే పేరుతో ఉన్నచోట మరీ జాగ్రత్త.

ప్రశ్న: పోలింగ్ ముందు రోజు సర్వే ఫలితాల గురించి టీవీలో మాట్లాడవచ్చా?
– అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: కూడదు. పోలింగ్ ముగిసే గడియకు ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ఫలితాన్ని ప్రభావితం చేసే అంశాలేవీ చూపకూడదు. ఒపీనియన్ పోల్స్ కూడా అందులోకే వస్తాయి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్. ఎగ్జిట్ పోల్స్‌కు 126ఏ వేరే ఉంది. పలు దశల ఎన్నికలైతే మొదటి దశ పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి దశ ముగిసిన అరగంట దాకా నిషేధం, రెండేళ్ల దాకా జైలు. మీ ఊళ్లో పోలింగ్ అయిపోయింది కదా అని నోరు జారితే కుదరదు.