సర్వే ఫారం పట్టుకుని ఊళ్ళు తిరగడానికా డిగ్రీ?

ప్రశ్న: మాది సూర్యాపేట. కిరాణా షాపు నడుపుతాను. మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ గ్రూపు. మార్కులు బాగానే వస్తాయి. బ్యాంక్ కోచింగ్ వద్దంటోంది, ఎంబీఏ వద్దంటోంది. ‘డెవలప్‌మెంట్ ఎకనామిక్స్’లో రీసెర్చ్ చేస్తానని, ముందు ఏదైనా సర్వే ప్రాజెక్టులో చేరతానని పట్టుబట్టింది. సర్వే వాళ్ళు మా షాపుకూ వస్తుంటారు, ట్యాబ్‌లో ఏదో నొక్కుకుని పోతారు. దానికి ఇంత చదువెందుకు? ఆడపిల్ల ఊళ్ళు పట్టుకుని తిరగడమేంటి? జీతం ఎంతో, ఎన్నాళ్ళుంటుందో తెలియదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు? – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండి. ముందు ఒక సంగతి విడదీసి చెప్పాలి. మీ షాపుకు వచ్చి ట్యాబ్‌లో నొక్కుకునే మనిషి వేరు, ఆ ట్యాబ్‌లో ఏ ప్రశ్న ఉండాలో, ఏ ఊళ్ళకు వెళ్ళాలో తేల్చి, వచ్చిన జవాబుల్లోంచి లెక్క తీసే మనిషి వేరు. మొదటివారిని ఎన్యూమరేటర్ అంటారు. రోజుకింత అనో, ఫారానికింత అనో డబ్బులిస్తారు. రెండోవారు రీసెర్చ్ అసోసియేట్. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఈ రెండో పని. కాకపోతే మొదటి పని చెయ్యకుండా రెండోది బాగా చేసినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. అమ్మాయి ‘ముందు సర్వేలో చేరతాను’ అన్నదంటే తెలియక అన్నమాట కాదు, బాగా తెలిసి అన్నమాటే.

నా సంగతే చెబుతాను. ఈ సలహాల పనిలోకి రాకముందు రెండేళ్ళు ఒక సర్వేలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నాది గుంటూరు వైపు. పని పడింది నల్గొండ వైపు. భూమి ఎంత ఉందని అడిగితే ఒక రైతు ‘ఎకరం ఇరవై’ అన్నాడు. మా వైపు ఎకరానికి వంద సెంట్లు కాబట్టి ఆలోచించకుండా 1.20 అని కొట్టించాను. ఆయన చెప్పింది ఎకరం ఇరవై గుంటలు. గుంటలు నలభై అయితే ఎకరం, అంటే ఎకరంన్నర. ఆ పొలంలో 36 బస్తాల వడ్లు పండాయి. అసలు లెక్కలో ఎకరానికి 24 బస్తాలు. మా కంప్యూటర్ మాత్రం 30 అని చూపించింది. ఇలా రెండు ఊళ్ళ ఫారాలు నిండిపోయాక, ఒక పట్టాదారు పాస్‌బుక్ చూస్తుంటే తప్పు బయటపడింది. మళ్ళీ ఇంటింటికీ తిరిగాం. ‘మొన్ననే చెప్పాం కదయ్యా’ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు, జాలిపడి చాయ్ పోసినవాళ్ళూ ఉన్నారు. అదే ఎవరూ చూడకపోతే, ఆ మండలంలో రైతులు భేషుగ్గా ఉన్నారని ఒక రిపోర్టు తయారయ్యేది. మీ అమ్మాయి సూర్యాపేటలో పెరిగింది కాబట్టి ఈ తప్పు చెయ్యదు. తెలుగు పల్లెల్లో జరిగే ప్రాజెక్టులో ఆమెకు అదొక అర్హత. ఢిల్లీలో చదివి వచ్చిన తోటి ఉద్యోగికి అది ఉండదు.

డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ అంటే పేదరికం ఎలా తగ్గుతుందో, ఏ పథకం నిజంగా పనిచేస్తుందో లెక్కలతో తేల్చే చదువు. ఇంతకీ ఈ రీసెర్చ్ వల్ల ఏం ఒరుగుతుందని మీకు అనిపించవచ్చు. మన దగ్గరే జరిగినవి రెండు మూడు చెబుతాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర వేసి తీసుకునే స్మార్ట్‌కార్డులు వచ్చాయి, గుర్తుందా? వాటివల్ల నిజంగా మేలు జరిగిందా, లేక కొత్త తలనొప్పి మొదలైందా అని తేల్చడానికి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి పనిచేశారు. 8 జిల్లాలు, 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. ఏ మండలానికి ముందు కార్డులివ్వాలి, దేనికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ వేసినట్టు తేల్చారు. ఎమ్మెల్యే పలుకుబడి ఉన్న మండలానికి ముందు, లేనిదానికి తర్వాత అన్నట్టయితే పోలిక చెడిపోతుంది కదా. లాటరీ కాబట్టి రెండు గుంపుల మండలాలూ మొదట్లో ఒకలాంటివే. తర్వాత కనిపించిన తేడా కార్డుదే. కార్డులు అందరికీ అందకపోయినా కూలీ డబ్బులు త్వరగా వచ్చాయని, మధ్యలో ఇతరుల జేబుల్లోకి కారిపోయేది తగ్గిందని తేలింది. ఈ పద్ధతిని ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటారు. మందులు పరీక్షించే తీరే.

ఇంకోటి 2018లో, మీ ముందే జరిగింది. రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చెక్కులు పంచారు. మీ షాపులో బాకీ కట్టడానికి కూడా కొన్ని పనికొచ్చే ఉంటాయి. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు: చెక్కు అందిందా లేదా అని రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటాం, దాన్నిబట్టే మీ పనితీరు చూస్తాం అని. ఆ మండలాలనూ లాటరీతోనే ఎంచారు. ఆ ఒక్క మాటకే అక్కడ పంపిణీ మెరుగుపడింది. ఖర్చు, నాలుగు ఫోన్ కాల్స్.

ప్రతిసారీ మంచి వార్తే రాదు. హైదరాబాద్ బస్తీల్లో స్పందన సంస్థ మైక్రోఫైనాన్స్ అప్పులిస్తున్న రోజుల్లో 104 బస్తీలు తీసుకుని, వాటిలో లాటరీలో వచ్చిన 52 చోట్ల ముందు బ్రాంచీలు తెరిచారు. ఈ చిన్న అప్పులతో పేదరికం పోతుందని అప్పట్లో ఊరూవాడా చెప్పుకునేవారు. చూస్తే ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది గాని, ఇంటి ఖర్చులో, ఆరోగ్యంలో, పిల్లల చదువులో, ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ పరిశోధన చేసినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిపి వాళ్ళకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అలాగని అన్ని జవాబులూ లాటరీలో దొరకవు. సూర్యాపేటలో పనిచేసింది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. రైల్వే లైను ఎక్కడ వెయ్యాలి, రూపాయి విలువ ఎంత ఉండాలి అన్నవి లాటరీ వేసి తేల్చేవి కావు. ఈ పద్ధతిని గట్టిగా విమర్శించిన ఆంగస్ డీటన్ కూడా నోబెల్ వచ్చినాయనే. అమ్మాయి రెండు వైపులా చదవాలి.

ఇక చదువు సంగతి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఈ దారిలో అన్నిటికన్నా ముందు కావలసింది లెక్కలు. పేదల మీద జాలి ఉన్నవాళ్ళు చాలామంది వస్తారు, ఎకనామెట్రిక్స్ దగ్గర, అంటే ఆర్థిక విషయాలను స్టాటిస్టిక్స్‌తో లెక్కగట్టే సబ్జెక్టు దగ్గర, చాలామంది ఆగిపోతారు. మీ అమ్మాయికి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రెండూ ఉన్నాయి కాబట్టి నాకు దిగులు లేదు. డిగ్రీ అయ్యాక మంచిచోట ఎంఏ ఎకనామిక్స్ చెయ్యాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ రెండింటికీ సీయూఈటీ పీజీ అనే జాతీయస్థాయి ఎంట్రన్స్ రాయాలి. లెక్కల్లో మరీ గట్టిదైతే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వారి క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోర్సు ఉంది, దాని ఎంట్రన్స్ వేరు, నిజంగానే చెమటలు పట్టిస్తుంది. ముంబైలో రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇంటికి దగ్గరగా రీసెర్చ్ కావాలంటే హైదరాబాద్ బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉంది, 1980 నుంచి మన పల్లెల ఆర్థిక పరిస్థితి మీద పనిచేస్తున్న సంస్థ. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళయితే 1975లోనే పాత మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు లాంటి ఊళ్ళలో మకాం పెట్టి, ఒక్కో ఇంటి పంట, కూలీ, అప్పు ఏళ్ళ తరబడి రాసుకున్నారు. ఆ లెక్కల మీద ప్రపంచమంతటా పరిశోధనలు చేశారు.

డబ్బు పెట్టకుండా ఇప్పుడే మొదలుపెట్టగలిగేది ఒకటి ఉంది. అమెరికాలోని ఎంఐటీ ఆన్‌లైన్‌లో నడిపే మైక్రోమాస్టర్స్ కోర్సులు, డేటా, ఎకనామిక్స్, పాలసీల మీద. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు, అదీ కుటుంబ ఆదాయాన్నిబట్టి తగ్గుతుంది. ఒక్క కోర్సు పూర్తిగా చెయ్యమనండి. మధ్యలో బోర్ కొట్టి వదిలేసిందంటే మనకూ ఒక సంగతి తెలిసినట్టే, రెండేళ్ళు వృథా కాకముందే. దాంతోపాటు స్టాటా గాని ఆర్ గాని, డేటా లెక్కలు కట్టే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చేతికి రావాలి. ఆర్ ఉచితం కాబట్టి దాంతో మొదలుపెట్టవచ్చు.

ఉద్యోగాల మాటకొస్తే, ఎంఐటీకి అనుబంధంగా 2003లో పుట్టిన, పేదరికం మీద ఇలాంటి లాటరీ పరీక్షలు నడిపే జె-పాల్ లాంటి సంస్థలు, ఢిల్లీలోని అంతర్జాతీయ పరిశోధన సంస్థలు, యూనివర్సిటీ ప్రొఫెసర్ల ప్రాజెక్టులు రీసెర్చ్ అసోసియేట్లను తీసుకుంటాయి. ఏడాదికో రెండేళ్ళకో కాంట్రాక్టు. మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్ళతో పోల్చవద్దు, బాధపడతారు. ఈ రెండేళ్ళ తర్వాత దారులు చీలతాయి. విదేశంలో పీహెచ్‌డీ సీటు వస్తే ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇచ్చే యూనివర్సిటీలే ఎక్కువ. ఐదారేళ్ళు పడుతుంది గాని పొలం అమ్మనక్కర్లేదు. అదే అప్పు చేసి పంపే పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌కు నేను అంత త్వరగా సరే అనను. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. దానికి ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి, వయసు 21 నుంచి 30 మధ్య. పోస్టులు తక్కువే. కానీ ఇదే చదువు రిజర్వ్ బ్యాంక్ ఆర్థిక పరిశోధన విభాగం పరీక్షకూ పనికొస్తుంది. చూశారా, మీ బ్యాంక్ కోరిక కూడా ఒక మూల ఉంది.

ఇదంతా పల్లెలకే పరిమితమనుకోకండి. ముంబై దగ్గర బట్టల మిల్లుల్లో ఒక పరిశోధన చేశారు. 17 కంపెనీలు, 28 మిల్లులు. కొన్నిటికి ఉచితంగా కన్సల్టెంట్లను పంపి, నూలు సరుకు లెక్క రాయడం, మిషన్లు ఆగకుండా చూసుకోవడం, నేల మీద చెత్త తీయడం లాంటివి నేర్పారు. మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మరి యజమానులు అంతకుముందే ఎందుకు చెయ్యలేదని అడిగితే, అవి అంత ముఖ్యమని అనుకోలేదన్నారు. మేనేజ్‌మెంట్ మీద ఆసక్తి ఉంటే ఆ వైపూ వెళ్ళవచ్చు.

ఆడపిల్ల తిరుగుడు గురించి మీ భయాన్ని కొట్టిపారెయ్యను. అసోసియేట్ సాధారణంగా జిల్లా కేంద్రంలో అద్దెకుంటుంది, టీమ్‌తో జీపులో వెళుతుంది. ఎన్యూమరేటర్లు చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేయకుండా కొన్ని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి అవే ప్రశ్నలు అడగాలి. దాన్ని బ్యాక్ చెక్ అంటారు, చీకటి పడేలోపు ముగించుకోవాలి. చేరేముందు మీరు కూర్చోబెట్టి అడగాల్సినవి ఇవి: ఆఫర్ లెటర్ కాగితం మీద ఉందా, టీమ్‌లో ఇంకో ఆడమనిషి ఉందా, సాయంత్రం తిరిగి వచ్చే బండి ఎవరిది, దారి ఖర్చు ఎవరిస్తారు, ఇన్సూరెన్స్ ఉందా, ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తే మేనేజర్ ఎవరు. దీనికి తడబడే చోట చేరనివ్వకండి, ఎంత పెద్ద పేరున్నా సరే. పెళ్ళి సంబంధాలవాళ్ళకు ఏం చెప్పాలంటారా? రీసెర్చ్‌లో ఉందని చెప్పండి, అబద్ధం కాదు.

నిర్ణయం ఈ వారమే తీసుకోనక్కర్లేదు. ముందు ఒక పని చెయ్యండి. ఆదివారం రాత్రి షట్టర్ దించాక అమ్మాయిని షాపులోనే కూర్చోబెట్టి, పోయిన నెల మీకు లాభం ఎంత వచ్చిందో కనుక్కోమనండి. మొదట అమ్మకం ఎంత, కొనుగోలు ఎంత, కరెంటు, అద్దె, గుమస్తా జీతం, అన్నీ విడివిడిగా అడిగి కూడి తీసెయ్యమనండి. తర్వాత ‘అన్నీ పోను చేతికి ఎంత మిగిలింది నాన్నా?’ అని ఒకే ప్రశ్న అడగమనండి. రెండు లెక్కలూ కలవవు. శ్రీలంకలో చిన్న దుకాణదారుల మీద ఇదే పరీక్ష చేశారు. అమ్మకాన్ని వాళ్ళు దాదాపు 30 శాతం తక్కువ చెప్పారు, ఒకే ప్రశ్నగా లాభం అడిగితేనే నిజానికి దగ్గరగా వచ్చింది. మీ లెక్కలో ఇంటికి తీసుకెళ్ళిన నూనె ప్యాకెట్, ఖాతా పుస్తకంలో ఉండి ఇంకా రాని బాకీ, బావమరిదికి ఊరికే ఇచ్చిన బియ్యం బస్తా ఎక్కడ దాక్కున్నాయో అమ్మాయి పట్టుకుంటుందేమో చూడండి. పట్టుకుంటే ఆ రెండు లెక్కల కాగితం ఫొటో తీసి నాకు పంపమనండి. ఏ ప్రాజెక్టుకు అప్లై చెయ్యాలో ఆమెతోనే మాట్లాడతాను.