పిడుదులకు రక్తం పట్టించే ఉద్యోగమా అని కంగారు పడకండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేసింది. పిడుదుల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరతానంటోంది. రోజూ వాటికి రక్తం పట్టించడమే పనట. అది మానేసి బయోఇన్ఫర్మాటిక్స్ (జీవుల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే విద్య), ఏఐ కోర్సు చేయమని మేం పోరుతున్నాం. రెండింటినీ పోల్చి దేనికి భవిష్యత్తు ఉందో చెప్పండి. జబ్బులు అంటుకుంటాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, పోల్చమని అడిగారు కానీ మీ ఉత్తరంలో నాకు గట్టిగా వినిపించింది 'పనట' అన్న ఆ ఒక్క మాట. ఈగల్ని పెంచుతానన్న పిల్లల తల్లులూ, ఎలుకలతో పనిచేస్తానన్న పిల్లల తండ్రులూ నాకు ఇదే ఉత్తరం రాస్తారు. జీవి పేరు ఒక్కటే మారుతుంది. లోపలున్న బెంగ మాత్రం అదే: అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ముందు ఆ సంగతి చూద్దాం.

రక్తం గిన్నెలో పోసి పెడితే పిడుదు తాగదు. దానికి చర్మం కావాలి, వెచ్చదనం కావాలి, జంతువు వాసన కావాలి. అందుకే చాలాకాలం కుందేళ్ల మీద, గినీపిగ్‌ల మీద వదిలి పెంచేవారు. ఇప్పటికీ చాలాచోట్ల అదే పద్ధతి. దానికి బదులుగా వచ్చినదే కృత్రిమ చర్మం. పలుచటి కాగితానికి సిలికోన్ పూసి, సుమారు పదో వంతు మిల్లీమీటరు మందాన పొర తయారుచేస్తారు. పిడుదు నోటిముల్లు పొట్టిదైతే అంతకంటే మందం పనికిరాదు, ముల్లు రక్తం దాకా అందదు. సిలికోనే ఎందుకంటే, అది రబ్బరులా సాగి, ముల్లు బయటికి వచ్చాక రంధ్రాన్ని మూసేసుకుంటుంది. ఆ పొరను చిన్న గొట్టానికి అడుగున అంటించి, పైన పిడుదుల్ని వదిలి, కింద పళ్లెంలో 37 డిగ్రీల వేడిలో రక్తం ఉంచుతారు. ఆ రక్తాన్ని గడ్డకట్టకుండా ముందే చిలికి, గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే పోగుల్ని తీసేస్తారు. పొర మీద జంతువు వెంట్రుకలో, వాటి నుంచి తీసిన వాసన పదార్థమో పెడితే పిడుదులు త్వరగా పట్టుకుంటాయి.

ఇక అసలు కష్టం. గట్టి పెంకున్న జాతుల్లో పెద్ద ఆడపిడుదు వారం, పది రోజుల పాటు వదలకుండా తాగుతుంది. మొదట్లో మెల్లగా తాగి, ఆఖరి రోజున ఒక్కసారిగా ఉబ్బుతుంది. చివరికి బరువు వంద రెట్లు దాటొచ్చు. అన్నాళ్లూ దాదాపు పన్నెండు గంటలకోసారి రక్తం మార్చాలి. వెచ్చని రక్తమంటే బ్యాక్టీరియాకు పండగే కదా! ఒక్కసారి బూజు పట్టినా, పొర కారినా వారం శ్రమ బూడిదలో పోసినట్టే. ఆదివారాలు కూడా వెళ్లాలి, ఆ సంగతి ముందే చెబుతున్నా. తొమ్మిదో రోజు దాకా ఆ పళ్లేన్ని శుభ్రంగా నిలబెట్టగలిగినవాళ్లను ల్యాబ్‌లు అంత తేలిగ్గా వదులుకోవు. మీరు 'పనట' అన్నది దీన్నే.

జబ్బుల భయం తప్పు కాదు. అయితే ల్యాబ్‌లో గుడ్ల నుంచి పెంచుకున్న, రోగక్రిములు లేని పిడుదులు వేరు, కావాలని క్రిమి ఎక్కించినవి వేరు. రెండో రకంతో పనికి వేరే గది, వేరే శిక్షణ ఉంటాయి. మామూలు గదిలోనూ పిడుదు కనిపించేలా తెల్లకోటు వేసుకుంటారు, పళ్లేల చుట్టూ జిగురు టేపు అంటిస్తారు, లోపల పెట్టినవెన్నో బయటికి తీసినవెన్నో లెక్కపెడతారు. ఏ రకం పిడుదులతో పని, లెక్క ఎవరు చూస్తారు అని చేరేముందు అమ్మాయినే అడగమనండి. సూటిగా జవాబు చెప్పని ల్యాబ్ అయితే వద్దనండి, అప్పుడు నేనూ మీ వైపే.

ఇప్పుడు మీ ఏఐ కోర్సు. దాని మీద నాకు అనుమానాలున్నాయి. బయోఇన్ఫర్మాటిక్స్ మంచి విద్యే, కానీ కొన్ని నెలల సర్టిఫికెట్ చేతపట్టుకుని, విశ్లేషించడానికి సొంత ప్రశ్న ఒక్కటీ లేకుండా తిరిగేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. నల్లకాళ్ల పిడుదు జీనోమ్, అంటే దాని మొత్తం జన్యు సమాచారం, 2016లో ప్రచురితమైంది. మనిషి జీనోమ్‌లో దాదాపు మూడింట రెండు వంతుల పొడవు, అందులో సుమారు 70 శాతం మళ్లీమళ్లీ వచ్చే ముక్కలే. కంప్యూటర్‌లో ఎంత చూసినా, ఫలానా జన్యువు లేకపోతే పిడుదు రక్తం తాగగలదా అన్నది తేలాలంటే ఆ జన్యువును ఆపి, ఆ పిడుదుకు రక్తం పట్టించి చూడాలి. జన్యువును కత్తిరించి మార్చే జీన్ ఎడిటింగ్ సంగతీ అంతే. దోమల్లో ఎప్పుడో జరిగింది, పిడుదుల్లో మాత్రం 2022లో గానీ కుదరలేదు. జన్యువును మార్చే పదార్థాన్ని గుడ్డులోకి సూదితో ఎక్కించాలి. కానీ తల్లిపిడుదు గుడ్లకు మైనం పూస్తుంది, ఆ పూత వల్ల సూది గుచ్చడమే గగనమైంది. ఆ చిక్కును విప్పింది సాఫ్ట్‌వేర్ కాదు, పిడుదును చేత్తో పట్టుకోవడం తెలిసినవాళ్లు. కోడింగ్ రెండేళ్ల తర్వాతైనా నేర్చుకోవచ్చు, అప్పటికి తన డేటా తన దగ్గరే ఉంటుంది.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట కాస్త గట్టిగానే అంటాను. అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నన్నాళ్లూ అది జంతువుల గురించిన చదువని మీకు తెలియదా? డిగ్రీ చేతికొచ్చాక రోత పుట్టిందా? మీ ఉత్తరంలో తనకేది ఇష్టమో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

ప్రాజెక్ట్ ఉద్యోగం శాశ్వతం కాదన్న మాట నిజం. గడువు ఎంత, పీహెచ్‌డీకి దారి ఉందా, పేపర్లలో తన పేరు వేస్తారా, ఈ మూడూ కాగితం మీద రాయించుకోమనండి. వీలైతే చేరేముందు రెండు రోజులు ల్యాబ్‌లో కూర్చుని చూసి రమ్మనండి, ఒక రోజు రక్తం మార్చే వేళకు వెళ్లమనండి. ఆ వాసన పడకపోతే తనే వచ్చి మీకు చెబుతుంది.