అంతర్జాలానికి పటం గీయించడం ఎలా?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వేసవి తరగతి నడపాలనుకుంటున్నాను. ఇంటర్నెట్ ఎలా పెరిగిందో, అందులో మనుషులు ఎలా మసలుకుంటారో చెప్పి, చివరకు వారి చేతనే సైబర్ ప్రపంచానికి పటం గీయించాలని ఉంది. కంటికి కనబడని దానికి పటం ఎలా గీస్తారు? సంస్కృతి గురించి చెప్పేటప్పుడు మన భాషలోంచి ఏ ఉదాహరణ తీసుకోవచ్చు?
— ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

జవాబు: ఇంటర్నెట్ వాడటం ఈ కాలపు పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అది ఏ దారిన తమ ఫోను దాకా వస్తోందో చూపించేవారు మాత్రం అరుదు కాబట్టి, మీరు తలపెట్టిన పని ఎంతో అవసరమైనదని నేను నమ్ముతున్నాను. ముందుగా దేనికి పటం గీస్తున్నారో పిల్లలు తేల్చుకోవాలి: తీగలకా, సమాచారం నడిచే దారులకా, మనుషుల మధ్య మాటలకా? మూడింటినీ ఒకే కాగితం మీద వేస్తే ఏదీ అర్థం కాదు.

మొదటి రోజు, ఇంటర్నెట్‌కు ముందుతరం వలయైన అమెరికా కంప్యూటర్ల వల ఆర్పానెట్ 1969 నాటి పటాన్ని చేత్తో గీయించండి. ఆ ఏడాది చివరికి అందులో ఉన్నవి లాస్ ఏంజిలిస్, స్టాన్‌ఫర్డ్, శాంటా బార్బరా, యూటా అనే నాలుగు కేంద్రాలే కనుక అది పావుగంట పని.

ఆ తర్వాత, సమాచారం నడిచే దారిని చూపించే ట్రేస్‌రూట్ అనే కంప్యూటర్ ఆదేశాన్ని నేర్పండి. విండోస్ కంప్యూటర్లో ఈ ఆదేశాన్ని ట్రేసర్ట్ అంటారు. మనం పంపే ప్రతి ప్యాకెట్ (సమాచారపు చిన్న ముక్క) మీద ఒక అంకె ఉంటుంది. దారిలోని ప్రతి రౌటరూ (ప్యాకెట్లను ముందుకు పంపే యంత్రం) ఆ అంకెను ఒకటి చొప్పున తగ్గిస్తుంది. అది సున్నా అయినచోట రౌటరు ప్యాకెట్‌ను పారేసి, పంపినవారికి ఆ సంగతి తెలియజేస్తుంది. ఒకటితో మొదలుపెట్టి అంకెను పెంచుకుంటూ పోతే దారిలోని మజిలీలు వరుసగా బయటపడతాయి, వాటిని గీతలతో కలిపితే రెండో పటం అవుతుంది. 1998లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో బిల్ చెస్విక్, హాల్ బర్చ్ అనే పరిశోధకులు ఇంటర్నెట్ పటం తయారుచేయడానికి మొదలుపెట్టిన పనికీ ఈ పద్ధతే ఆధారం.

ఒక్కో మజిలీకి పోయి రావడానికి పట్టిన కాలంగా ఈ ఆదేశం చూపించే మిల్లీసెకన్ల (సెకనులో వెయ్యో వంతుల) దగ్గర తొందరపడకండి, ఎందుకంటే పిల్లలు స్వయంగా కనిపెట్టగలిగిన విషయం అక్కడే ఉంది. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే, పోయి రావడానికి 1 మిల్లీసెకను పట్టిందంటే ఆ యంత్రం 100 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండదు. అమెరికా విశ్వవిద్యాలయపు పేజీ ఒకటి 20 మిల్లీసెకన్లలో జవాబిచ్చిందనుకుందాం. భారతదేశ పటం మీద హనుమకొండ కేంద్రంగా 2,000 కిలోమీటర్ల వృత్తం గీస్తే, జవాబిచ్చిన యంత్రం ఆ వృత్తం లోపలే ఉండాలి. దూరపు పేజీల నకళ్లను దగ్గరి నగరాల్లో దాచి ఉంచుతారన్న సంగతి పిల్లలకు అప్పుడు లెక్క ద్వారా తెలుస్తుంది. అయితే ఎక్కువ సమయం పట్టినంత మాత్రాన యంత్రం దూరంగా ఉందని చెప్పకూడదు. దారి చుట్టుతిరుగుడు కావచ్చు, మధ్యలో రద్దీ ఉండవచ్చు. కొన్ని రౌటర్లు జవాబివ్వవు, వాటి చోట నక్షత్రం గుర్తులు వస్తాయి. ఆ ఖాళీలను పటంలో ఖాళీలుగానే ఉంచాలి, ఊహించి గీతలు కలపనివ్వకండి.

సముద్రగర్భ కేబుళ్లకు ఒక పూట చాలు. అవి మన దేశంలో ముంబై, చెన్నై, కొచ్చి వంటి తీరనగరాల్లో ఒడ్డుకు చేరతాయి. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర మధ్యధరా సముద్రంలో కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు మన దేశంలోనూ ఇంటర్నెట్ మందగించింది.

ఇక సంస్కృతి. తెలుగు లిపి కంప్యూటర్లలో సులభంగా కనబడని 1990ల తొలినాళ్లలో, అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్ అనే ఆనాటి ఇంటర్నెట్ చర్చావేదికలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే చదవడం కష్టమని అక్కడి రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఆర్‌టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అనే పద్ధతిని రూపొందించారు. అందులో ఇంగ్లీషు చిన్న అక్షరం l అంటే ల, అదే పెద్ద అక్షరం L అంటే ళ. ఈనాడు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల తెలుగు రాసే పిల్లలకు ఇది సొంత చరిత్రే.

దీని ఆధారంగా మూడో పటం గీయించండి: తాము ఎవరికి తెలుగు లిపిలో రాస్తున్నారు, ఎవరికి ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి గొంతు రికార్డు చేసి పంపుతున్నారు? ఈ పటంలో పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు, ‘అమ్మమ్మ’, ‘స్నేహితురాలు’ అని రాస్తే సరిపోతుంది. గోడ మీద ప్రదర్శించేటట్లయితే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి.