సీ4 ఆడబోయే చిన్నాకి

చిన్నా,

ఆదివారం గుంటూరు చెస్ టోర్నమెంటులో తెల్లపావులొస్తే సీ బంటుని రెండు గళ్లు తోసి సీ4తో మొదలుపెడతానన్నావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. అది గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారికల ఊరు. ఎదురుగా ఎనిమిదేళ్ల పిల్ల కూర్చున్నా తేలిగ్గా తీసుకోకు.

మీ ఈడువాళ్లకి ఈ ఓపెనింగ్ ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. థియరీ, అంటే బట్టీ పట్టాల్సిన ఎత్తులు తక్కువ, అవతలివాడు ఏం వేసినా జీ3, బిషప్ జీ2, క్యాస్లింగ్ (రాజుని పక్కకి జరిపి రూక్ చాటున దాచడం) అని చకచకా వేసేయొచ్చనుకుంటారు. పక్క బంటు కదిపితే సెంటర్ గొడవ తప్పిపోదురా, వాయిదా పడుతుందంతే.

1970 బెల్‌గ్రేడ్ గేమ్ ఒకటి బోర్డు మీద పెట్టి చూడు. డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ లార్సెన్ కూడా పక్క బంటుతోనే, బీ3తో మొదలుపెట్టాడు, ఎదుట అప్పటి ప్రపంచ ఛాంపియన్ స్పాస్కీ. నాలుగో ఎత్తులో నైట్‌ని (గుర్రాన్ని) ఎఫ్3లో పెడితే నల్లబంటు ఈ4కి దూసుకొచ్చింది. ఆ నైట్ మూడు ఎత్తులు తినేసి సీ6లో మార్పిడైపోయింది. తెల్లరాజు మాత్రం చివరిదాకా మధ్యలోనే ఉండిపోయాడు. పద్నాలుగో ఎత్తులో స్పాస్కీ రూక్‌ని హెచ్1లో బలిచ్చాడు, 17 ఎత్తులకి ఆట ముగిసింది. తప్పు బీ3ది కాదని నా అభిప్రాయం. రాజుని దాచకుండా పదో ఎత్తులో ఎఫ్4 తోశాడు చూడు, అదీ అసలు తప్పు.

నీ సీ4కి ఎక్కువగా ఎదురయ్యే జవాబు ఈ5. నైట్ సీ3, నైట్ ఎఫ్6, జీ3, డీ5 వస్తే బంటు తీసుకుని బిషప్‌ని జీ2లో పెట్టు. డీ5లోని నైట్ బీ6కి వెళ్తే తొందరపడకు. క్యాస్లింగ్ చేశాక ఏ3, బీ4, సీ ఫైల్లో (నిలువు వరసలో) రూక్. అలా వెళ్లకుండా సీ3లో నీ నైట్‌ని కొడితే బీ బంటుతోనే తియ్యి. డీ బంటుతో తీశావో, క్వీన్లు మార్పిడై నీ క్యాస్లింగ్ పోతుంది. బీ బంటుతో తీస్తే బీ ఫైలు తెరుచుకుంటుంది, జీ2 బిషప్, బీ1 రూక్ రెండూ బీ7 మీదే గురిపెడతాయి.

అవతలివాడు ఈ6, డీ5 వేస్తే మొండికేయకుండా డీ4 ఆడెయ్. 1972 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్ స్పాస్కీ మీద ఆరో గేమ్ సీ4తోనే మొదలుపెట్టి, డీ4 ఆడి క్వీన్స్ గాంబిట్ అనే ఇంకో ఓపెనింగ్‌లోకి వెళ్లి గెలిచాడు.

గడియారం సంగతి. మొదటి ఆరు ఎత్తులు తెలిసినవే అయినా ప్రతిదానికీ అవతలి బంట్లు చూశాకే చెయ్యి పెట్టు. ముట్టుకుంటే ఆడాల్సిందే.

స్కోరుషీటు (ఎత్తులు రాసే కాగితం) అర్థమయ్యేలా రాసి తీసుకురా, సాయంత్రం కూర్చుందాం.

మీ పెదనాన్న