టెక్ సందేహాలు: ఫెరారా, రవెన్నాల నడుమ పక్షుల కోసం రెండు రోజులు

ప్రశ్న: మా అమ్మాయి ఇటలీలోని బొలోన్యాలో చదువుకుంటోంది. ఏప్రిల్ ఆఖరి వారంలో మేమిద్దరం తన దగ్గరకు వెళ్తున్నాం. ఫెరారా, రవెన్నా చూపిస్తానంటోంది. వాటి మధ్య రెండు రోజులు పక్షుల కోసం ఉంచుకోవాలని నా కోరిక. నేలపట్టు, పులికాట్ తప్ప మరెక్కడా పక్షులను చూసిన అనుభవం నాకు లేదు. ఏ యాప్‌లు పెట్టుకోవాలి? నా ఆండ్రాయిడ్ ఫోను, పాత డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్సు సరిపోతాయా?
- నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న పట్టణాలతోనే మీ పని సగం తేలికైంది. పో నది ఆడ్రియాటిక్ సముద్రంలో కలిసే చోట విస్తరించిన డెల్టాకు ఒక వైపున ఫెరారా, మరో వైపున రవెన్నా ఉన్నాయి. 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఫెరారా నగరానికి 1999లో పో డెల్టాను కూడా జతచేశారు కాబట్టి, అక్కడ చరిత్ర వేరు, పక్షులు వేరు అనుకోవలసిన అవసరం లేదు. ఈ రెండింటి నడుమ కాలువల మీద కట్టిన కొమాక్కియో అనే చిన్న పట్టణం, దాన్ని ఆనుకుని ఉప్పునీటి మడుగులు ఉన్నాయి. రవెన్నాకు దక్షిణాన చెర్వియా ఉప్పుమళ్లు 800 హెక్టార్లకు పైగా పరచుకుని ఉన్నాయి. మీరు పులికాట్‌లో చూసిన గ్రేటర్ ఫ్లెమింగో జాతే ఈ నీళ్లలోనూ మేస్తుంది. కొమాక్కియో ఉప్పుమళ్లలో అది గూళ్లు కూడా కడుతుంది.

యాప్‌ల విషయంలో నా సలహా ఒక్కటే. ఫోనుతో చేయవలసిన పనిలో ముప్పావు భాగం నెల్లూరులోనే పూర్తిచేసుకోండి. మడుగు గట్టు మీదికి చేరాక కళ్లకు, చెవులకు పని చెప్పండి.

మొదట చూడవలసింది, పక్షులను చూసినవారు తమ జాబితాలను పంపే ఈబర్డ్. దీన్నీ, దీనికి తోడుగా పక్షులను గుర్తుపట్టే మెర్లిన్‌నూ అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల నడుపుతోంది, రెండూ ఉచితమే. ఫోనులో కాకుండా కంప్యూటర్‌లో ఈబర్డ్ సైటు తెరిచి, ఎక్స్‌ప్లోర్ విభాగంలో బార్ చార్ట్స్‌కు వెళ్లి, ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతాన్ని ఎంచుకోండి. ఒక్కో పక్షికి ఒక్కో వరుస, నెలకు నాలుగేసి గడులు కనిపిస్తాయి. ఆ వారంలో పరిశీలకులు పంపిన జాబితాల్లో ఎన్నింట ఆ పక్షి ఉందో దాన్నిబట్టి గడిలోని పట్టీ లావుగానో సన్నగానో ఉంటుంది. ఏప్రిల్ నాలుగో గడి మీద వేలుపెట్టి కిందికి దిగుతూ వస్తే మీకు కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న పక్షుల జాబితా పది నిమిషాల్లో తయారవుతుంది. అక్కడ పెద్దగా పరిచయం లేని ఇరవై పక్షులను ఎంచుకుని, రోజుకు రెండు చొప్పున వాటి రూపం, కూత నేర్చుకుంటే ప్రయాణం నాటికి మీరు కొత్తవారు కారు. తెలిసినవీ చాలానే ఉంటాయి. పులికాట్ అంచున ఎర్రటి పొడవాటి కాళ్లతో నడిచే బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్ చెర్వియాలోనూ ఎదురవుతుంది. ఇటలీవాళ్లు దాన్ని 'కవలియేరే దితాలియా', అంటే ఇటలీ అశ్వవీరుడు అని పిలుస్తారు. ఇలాంటి స్థానిక పేర్లు నాలుగైదు రాసిపెట్టుకోండి. ఫ్లెమింగోకు 'ఫెనికొత్తెరో', కొంగకు 'ఐరోనే' అనగలిగితే సందర్శకుల కేంద్రంలో మాట కలపడం సులువవుతుంది.

తరువాత మెర్లిన్. దీనిలో ఐరోపా పక్షుల సమాచారం ఉండే ప్యాక్‌లలో ఇటలీకి వర్తించేదాన్ని ఇంటి వైఫై మీదే దించుకోండి. కూతలను గుర్తించే సౌండ్ ఐడీని కూడా ఒకసారి తెరిచి, అడిగిన ఫైళ్లు దించుకున్నాక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మీ వీధిలోని కాకి కూతతో పరీక్షించండి. నెట్ లేకుండా అది మైకు ముందు పనిచేస్తోందని మీ కళ్లతో చూశాకే పెట్టె సర్దండి. ఒక జనవరి ఉదయం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో నిలబడి, ప్యాక్ దిగని యాప్‌ను తెరిచి, సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ నేను అరగంట పోగొట్టుకున్నాను. ఆ అరగంటలోనే నీటి అంచున ఉన్న గుంపు లేచిపోయింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సౌండ్ ఐడీ చూపిన ప్రతి పేరునూ నమ్మకండి. మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ ఇటలీ పట్టణాల పైకప్పుల మీద కూర్చుని ఇతర పక్షుల కూతలను అనుకరిస్తుంది. గోల్డెన్ ఓరియోల్ ఈలను అది పలికితే, చెట్టే లేని కూడలిలో కూడా మీ తెర మీద ఓరియోల్ పేరు వెలగవచ్చు. పేరు పడగానే జాబితాలోకి ఎక్కించకుండా, కూత వచ్చిన వైపు చూడండి. అదే కూత మళ్లీ వినబడినప్పుడు ఆ పేరు పసుపు రంగులో వెలుగుతుంది కాబట్టి, ఏ కూత ఏ పక్షిదో పోల్చుకోవడానికి యాప్ మంచి గురువు. తీర్పు మాత్రం కంటితో చూశాక మీరే ఇవ్వాలి. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. పక్షిని దగ్గరకు రప్పించడానికి ఫోనులో దాని కూతను వినిపించకండి. అది గూడు కట్టే కాలం. పరాయి మగపక్షి వచ్చిందనుకుని తరమడానికి వచ్చే ఆ తండ్రి పక్షి, మేత తేవలసిన సమయాన్ని మీ ఫోనుతో పోట్లాడుతూ గడుపుతుంది.

దారి విషయానికి వస్తే, కొమాక్కియోకు రైలు లేదు. బస్సుగానీ కారుగానీ కావాలి. చెర్వియాకు మాత్రం రవెన్నా నుంచి ప్రాంతీయ రైలు ఉంది, దూరం తక్కువే. కారు తీసుకోని పక్షంలో చెర్వియాకే ఒక పూర్తి రోజు ఇవ్వండి. ప్రాంతీయ రైలుకు ఫోనులో టికెట్ కొంటే సరిపోదు, ఎక్కే ముందు చెకిన్ కూడా చేయాలి. కాగితం టికెట్టయితే స్టేషనులోని యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ఉప్పుమళ్ల లోపలికి సొంతంగా నడిచి వెళ్లే వీలుండదు, గైడు వెంట వెళ్లాలి కాబట్టి సందర్శకుల కేంద్రంలో ముందే చోటు ఖాయం చేసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో దించుకున్న పటం నెట్ లేనప్పుడు కారు దారి చూపిస్తుందిగానీ నడక దారి చూపించదు. రవెన్నాకు ఉత్తరాన ఉన్న పుంతే అల్బెరేతే అనే నీటి అడవిలో కాలిబాటలు కావాలంటే, అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకోండి. నీళ్లలో నిలిచిన ఆ చెట్ల మధ్య పిగ్మీ కార్మోరెంట్ అనే చిన్న నీటికాకి కనిపిస్తుంది. ఏప్రిల్ చివర అక్కడ ఆరుంపావు ప్రాంతంలో తెల్లవారుతుంది, రాత్రి ఎనిమిది దాకా వెలుగుంటుంది. కాబట్టి ఉదయం పక్షులకు, మధ్యాహ్నపు ఎండ వేళ రవెన్నాలోని మొజాయిక్ చిత్రాలకు ఇవ్వండి. గల్లా ప్లచీదియా సమాధి మందిరంలో 5వ శతాబ్దంలో గాజు, రాతి ముక్కలు పేర్చి చేసిన పావురాలు పాత్ర అంచున కూర్చుని నీళ్లు తాగుతుంటాయి. బైనాక్యులర్‌ను లోపలికి తీసుకువెళ్లడం మరవకండి.

మీ కెమెరా సరిపోతుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లలో ఎక్కువగా ఉండే చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) మీద 300 మిల్లీమీటర్ల లెన్సు, పెద్ద ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీది సుమారు 450 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. ఫ్లెమింగోల గుంపుకూ, ఎగిరే కొంగకూ అది చాలు. షట్టర్ వేగాన్ని 1/1600 సెకనుకంటే నెమ్మదించనీయకుండా, ఐఎస్ఓను ఆటోలో వదిలేయండి. కొత్త లెన్సుకు పెట్టాలనుకున్న డబ్బుంటే 8×42 బైనాక్యులర్, అంటే 8 రెట్లు పెద్దగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్ల వెడల్పున్నది కొనండి. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు. తెల్లవారుజామున ఆ తేడా తెలుస్తుంది. 10 రెట్లు చూపేదాన్ని చేత్తో పట్టుకుంటే వణుకు కూడా అన్ని రెట్లూ కనిపిస్తుంది.

చాలామంది మరిచిపోయేది కెమెరా గడియారం. ఏప్రిల్ చివర ఇటలీ సమయం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఫోను తనంతట తాను మారుతుంది, పాత డీఎస్ఎల్ఆర్ మారదు. దిగిన రోజునే కెమెరా సమయం సరిచేసి, ఫోను తెర మీది గడియారాన్ని ఒక ఫొటో తీసి ఉంచుకోండి. రాత్రి ఈబర్డ్ జాబితాకు ఫొటోలు జతచేసేటప్పుడు, ఏ మడుగు దగ్గర ఏది తీశారో తేల్చుకోవడానికి ఆ ఒక్క ఫొటో ఆధారమవుతుంది.

ప్రశ్న: మేమూ మే నెలలో అదే వైపు వెళ్తున్నాం. ఫ్లెమింగోలను పైనుంచి తీయడానికి చిన్న డ్రోన్ తీసుకువెళ్లవచ్చా?
- హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: తీసుకువెళ్లకండి. కెమెరా ఉన్న డ్రోన్‌ను ఎగరేసేవారు, అది 250 గ్రాముల లోపుదైనా, ఐరోపా నిబంధనల ప్రకారం పేరు నమోదు చేసుకోవాలి. నమోదు చేసుకున్నా, రక్షిత పార్కు మీద ఎగరేసే హక్కు దానితో రాదు. నిబంధన లేకపోయినా నా జవాబు ఇదే. ఫ్లెమింగో జంట ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్కటే గుడ్డు. పైన మోత వినబడి గుంపు ఒక్కసారిగా లేస్తే మట్టి గూటి మీది గుడ్డు దొర్లిపోతుంది, లేదా ఆ ఖాళీలో గల్స్ అనే సముద్రపు పక్షులు దాన్ని ఎత్తుకుపోతాయి. గైడు నిలబెట్టిన చోటు నుంచి, సాయంత్రపు ఏటవాలు వెలుగులో, నీటి మట్టానికి దగ్గరగా వంగి తీసిన ఫొటోలో నీడతో సహా పక్షి వస్తుంది. పైనుంచి తీస్తే గులాబీ చుక్కలే వస్తాయి.

ప్రశ్న: ఛార్జర్లు, పవర్ బ్యాంకు సంగతి?
- విజయవాడ పాఠకుడు

జవాబు: అక్కడా 230 వోల్టులే. సన్నని రెండు పిన్నుల ఫోను ఛార్జర్లు చాలావరకు నేరుగా పడతాయి. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గుకు మాత్రం అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంకును చేతి సంచీలోనే పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు కాబట్టి, 100 దాటితే కావలసిన ప్రత్యేక అనుమతి దానికి అక్కరలేదు.